మోడరేట్ అని రాసిన రిపోర్టు

కౌతాళం దగ్గర ఒక చేనికి పత్తి తీయడానికి కూలికి పోయిన రోజు, నా భార్య సువార్తమ్మ సాలు మధ్యలో కూర్చుండిపోయింది. ఎండ ఇంకా ఎక్కలేదు. ఒడిలో నాలుగు పిడికిళ్ల పత్తి కూడా లేదు.

"మామా, దమ్ము ఎగదన్నుతాంది. రోంతసేపు కూసుంటా" అంది.

తోటి కూలోళ్లు చూస్తున్నారని నాకు సిగ్గేసింది. చెయ్యి పట్టి లేపాను. పది అడుగులు వేసి మళ్లీ కూలబడింది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు.

ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఉబ్బసమని సూదులు వేశాడు. తగ్గకపోతే ఎమ్మిగనూరులో ఒక గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఛాతీ మీద జెల్ పూసి ఎకో తీశాడు. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అని అడిగితే, వచ్చిందని ఆమె తలూపింది. ఆ జ్వరమే గుండెలో మైట్రల్ వాల్వ్‌ను బిగించేసిందని, దీన్ని మైట్రల్ స్టెనోసిస్ అంటారని చెప్పాడు. ఆగకుండా ఎంత దూరం నడవగలవమ్మా అని ఆమెను అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను.

"బాగానే నడుస్తాది సార్. పనంటేనే రోగం."

ఆయన రిపోర్టులో మోడరేట్ అని రాశాడు. మాత్రలిచ్చి, ఆయాసం పెరిగితే ఆలస్యం చేయకుండా రమ్మని, అప్పుడు ఇంకా వివరంగా తెలిసే పరీక్ష చేయాల్సి ఉంటుందని చెప్పాడు.

అన్ని మాటల్లో నాకు పనికొచ్చే ఒక్క మాటే ఇంటికి తెచ్చుకున్నాను. మోడరేట్ అంటే ఓ మోస్తరు అని మందుల షాపులో చెప్పారు. ఆ తర్వాత ఏడాదంతా ఆ మాటతోనే ఆమెను పొడిచాను. బిందె దించి నిలబడితే రిపోర్టు గుర్తు చేసేవాణ్ని. వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకుని నిద్రపోతుంటే నాటకాలన్నాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. మా అమ్మ అడ్డమొచ్చింది. ఆమె మీద జాలితో కాదు, పక్కింటోళ్లు వింటారని.

మరుసటి పత్తి కాలంలో దగ్గుతుంటే నెత్తురు పడింది. ఆదోనిలో చూపిస్తే వెంటనే కర్నూలుకు పొమ్మన్నారు. అక్కడి డాక్టరమ్మ పాత రిపోర్టు చూశారు, మంచం అంచున వంగి రొప్పుతున్న సువార్తమ్మను చూశారు.

"ఈ కాగితానికీ ఈ మనిషికీ పొంతన లేదు. త్రీడీలో టీఈఈ చేద్దాం" అన్నారు.

గొంతు మొద్దుబారే స్ప్రే కొట్టి, వేలు లావు గొట్టాన్ని మింగించారు. గొట్టం చివర ఉన్న ప్రోబ్, గుండె వెనక నుంచి బొమ్మ తీస్తుందట. ఆమెకు కడుపులోంచి డోకు తన్నుకొచ్చింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ నన్ను పిలిచి స్క్రీన్ చూపించారు. గోధుమ రంగులో, మెత్తటి మాంసంలా, కదులుతూ ఉంది నా భార్య గుండె. మధ్యలో వాల్వ్. బాగున్న మనిషికి అది తలుపు తెరిచినట్టు తెరుచుకుంటుందట. ఈమెకు చొక్కా కాజా అంత చీలిక. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది విచ్చుకోవాలని చూస్తోంది, విచ్చుకోలేకపోతోంది.

"మామూలు ఎకోలో కోసిన ముక్కను చూసినట్టు చూస్తాం. కోత కొంచెం పక్కకు పడితే కన్నం ఉన్నదానికన్నా పెద్దగా కనిపించవచ్చు. ఇందులో కన్నానికి ఎదురుగా నిలబడి చూస్తున్నాం. ఇది మోడరేట్ కాదు, సివియర్, బాగా ముదిరింది. ఈమె ఇన్నాళ్లు పని ఎలా చేసిందో నాకు అర్థం కావడం లేదు" అన్నారు.



ఇంకో సంగతి కూడా ఆ బొమ్మలోనే బయటపడింది. గుండె ఎడమ గదికి ఆనుకుని ఉండే చిన్న సంచిలో క్లాట్, అంటే నెత్తురు గడ్డ ఉంది. వాల్వ్‌ను లోపల బెలూన్ ఉబ్బించి తెరవాలంటే, బెలూన్ ఉన్న తీగ ఆ గదిలోకే పోవాలి, తగిలితే క్లాట్ కదిలి మెదడుకు పోతుంది. అందుకని మూడు నెలలు నెత్తురు పల్చబడే మాత్ర వేసుకోవాలన్నారు. ఒక్క పూట కూడా మానొద్దని రెండుసార్లు చెప్పారు. నెత్తురు ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకు ఆదోనికి పోయి వస్తుండాలి.

ఐదో వారంలో ఆమె చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. డాక్టరుకు ఫోన్ చేద్దామంది. నేను వినలేదు. ఆదోనికి తిరిగీ తిరిగీ విసిగిపోయి ఉన్నాను. "నెత్తురంతా నీళ్లు సేస్తాండారు, సాలు" అని మాత్రల డబ్బా తీసి ఆమెకు అందకుండా పైన పెట్టేశాను.

తొమ్మిదో రోజు పొద్దున జొన్నరొట్టె తడుతూ ఆగిపోయింది. కుడిచెయ్యి పిండిలోనే ఉండిపోయింది. ఏమైందంటే నావైపు తిరిగింది. మూతి ఒక పక్కకు పోయి ఉంది. మాట రాలేదు.

కర్నూల్లో సీటీ తీసి, క్లాట్ ముక్క మెదడుకు పోయిందన్నారు. మాత్రలు ఎవరు ఆపారని డాక్టరమ్మ అడిగారు.

"ఆయమ్మే మరిసిపోయింది మేడం" అన్నాను.

సువార్తమ్మ మా పక్కనే మంచం మీద ఉంది. అంతా విన్నది. కళ్లు నా మీదే పెట్టింది. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది గానీ మాట కాలేదు. డాక్టరమ్మ ఆమెను మందలించి వెళ్లిపోయారు. నా జీవితంలో అంత నీచమైన పని ఇంకొకటి లేదు.

నాలుగు నెలలు మానకుండా మాత్రలు వేసుకున్నాక మళ్లీ టీఈఈ చేశారు. సంచి ఖాళీగా ఉంది. తొడలోంచి తీగ పోనిచ్చి బెలూన్‌తో వాల్వ్ తెరిచారు. త్రీడీలో మళ్లీ చూపించారు. చీలిక రెండింతలైంది. ఆ సాయంత్రం ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. పెళ్లయ్యాక ఆమె అలా నిద్రపోవడం నేను చూసిన గుర్తు లేదు.

తర్వాతి చెకప్‌లో మాత్రలు ఆపింది నేనేనని డాక్టరమ్మకు చెప్పాను. రాస్తున్న పెన్ను ఆపారు. "నాకు కాదు, ఆమెకు చెప్పండి" అన్నారు. అక్కడే చెప్పాను. సువార్తమ్మ ముఖం తిప్పుకుంది.

ఇప్పుడు రెండేళ్లవుతోంది. ఆయాసం లేదు. ఊరి చివరిదాకా నడిచి వస్తుంది. కుడిచేతి వేళ్లు మాత్రం ముడుచుకోవు, అందుకే రొట్టెలు నేనే తడతాను. వచ్చిన మాటలు కొన్నే: నీళ్లు, అమ్మ, వద్దు. మాత్రల డబ్బాను నన్ను ముట్టుకోనివ్వదు. మూతను పళ్లతో తీసి, ఎడంచేత్తో తనే వేసుకుంటుంది. నన్ను మామా అని ఇంతవరకూ పిలవలేదు. ఆ మాట రాలేదో, అనడం లేదో నాకు తెలియదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. మీ ఇంటి మనిషిని గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు, రిపోర్టులో ఏమున్నా సరే, ఎంత దూరం నడవగలదో, ఎలా పడుకుంటుందో ఆ మనిషినే చెప్పనివ్వండి. ఆ కాసేపు మీరు బయట కూర్చోండి.