రత్నమ్మత్త నడిపించిన హద్దులు

మొన్న ఆసిఫాబాద్ కోర్టు వరండాలో నిలబడితే స్టాంపు సిరా వాసన వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ వాసనకు నేను తొమ్మిదేళ్ల పిల్లనైపోతాను. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఇట్లా రాయడం ఇదే మొదలు. రత్నమ్మత్త గురించి కాబట్టి రాస్తున్నాను.

మా అవ్వ, నన్ను కన్న తల్లి, నా చిన్నప్పుడే పోయింది. నాన్న, మా బాపు, దుబాయిలో పోయాడు. నేను బాపు వాళ్ల అన్న, పెద్దబాపు ఇంట్లో తిని పెరుగుతుండేదాన్ని. ఆ పెద్దబాపే, బాపు పేరున ఉన్న రెండెకరాల చేను తనదేనని నా మీద దావా వేశాడు. ఒకరోజు కోర్టు జవాను కాగితం తెచ్చి నా పేరు చదివాడు. జైలుకు తీసుకుపోతారనుకుని వడ్ల గుమ్మి వెనక దాక్కున్నాను. పిల్లల మీద దావా పడితే వాళ్ల తరఫున నిలబడడానికి కోర్టు ఒక పెద్ద మనిషిని పెడుతుందని, ఆ మనిషిని గార్డియన్ అంటారని నాకేం తెలుసు? పెద్దబాపు ఆ పనికి తన బామ్మర్ది పేరే రాసిచ్చాడు.

పక్కింటి రత్నమ్మత్త బడిలో వంట చేసేది. చర్చిలో పాటకు కూడా గొంతు లేవని మనిషి. ఆమె నన్ను వెతికి బయటికి లాగింది.

"జైలు లేదు, గీలు లేదు. నీ దిక్కు మాట్లాడే మనిషి కావాల్నట. నేనుంట."

"పెద్దబాపు కొడ్తె?"

"నాకు గూడ బయమే బిడ్డా. అయినా పోదాం."

వాయిదా రోజు పొద్దున్నే నన్ను చేను చుట్టూ నడిపించింది. తూర్పున వాగు, పడమర బండ్ల బాట, ఉత్తరాన మల్లయ్య పత్తి చేను, దక్షిణాన ఇప్పచెట్టు. "కాగితం మనకు సమజ్ కాదు. కాళ్లకైన ఎరుకుండాలె," అంది. బాట మీద పెద్దబాపు ఎదురయ్యాడు.

"ఏందే రత్నమ్మ, గంటె ఇడిసి వకీలువైనవా? ఓ పిల్లా, పొద్దుగూకినంక ఏ ఇంటికొస్తవో జర సోచాయించుకో."

ఆమె నా చెయ్యి పట్టుకుని నడిచింది.

కోర్టులో జడ్జిగారు నన్ను ముందుకు పిలిచి, "నీ తరఫున ఎవరుండాలమ్మా?" అని అడిగారు. పెద్దబాపు నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను తల దించుకున్నాను. అప్పుడు వెనక నుంచి రత్నమ్మత్త సన్నటి గొంతు వినిపించింది.

"సారూ, గాయన ముంగట పిల్ల నోరు తెర్వది. అందర్ని బయటికి పంపి అడుగుండ్రి. నన్ను గూడ పంపుండ్రి."

జడ్జిగారు కళ్లజోడు తీసి ఆమెను చూశారు. అందరినీ బయటికి పంపారు. మీ చేను ఎక్కడుందో తెలుసా అని నన్ను అడిగారు. నాలుగు హద్దులూ చెప్పాను.

"ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్పలే సారూ. రత్నమ్మత్త నడిపించింది. గామెనే ఉండాలె."

ఆ రోజే ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. మేం ఊరికి వచ్చేసరికి నా బట్టల మూట పెద్దబాపు గడప బయట పడి ఉంది. ఆమె దాన్ని చంకన పెట్టుకుని తన ఇంటికి నడిచింది. దావా ఏళ్లకేళ్లు సాగింది. చేను నాకే దక్కింది. రత్నమ్మత్త ఇప్పుడు లేదు.

మొన్న కోర్టుకు పోయింది మా వాడకట్టులో, నాలుగిళ్ల అవతల ఉండే పిల్ల కోసం. దాని ఇంటి మీద దావా పడింది, గార్డియన్‌గా ఉంటానని నేను ఒప్పుకున్నాను. పెన్ను పట్టుకుంటే వేళ్లు వణికాయి. పిల్ల చూసింది.

"బయమైతుందా పెద్దమ్మా?"

"అయితుంది బిడ్డా," అని సంతకం పెట్టాను. పొద్దున వాళ్ల ఇంటి చుట్టూ ఇద్దరం నడిచిన మట్టి మా కాళ్లకు ఇంకా అంటుకునే ఉంది.