హవల్దారు గారి మోకాలు, పదిహేను శాతం

1998. విజయవాడలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ఒక చిన్న ఆఫీసులో నేను గుమాస్తాని. పింఛను కాగితాలు, అప్పీళ్ళు రాసిపెట్టడం నా పని. ఆ వానాకాలంలో హవల్దారుగా రిటైరైన యేసురత్నం గారు, భార్య మరియమ్మ గారు గుణదల నుంచి వచ్చారు. సిక్కింలో డ్యూటీలో జారిపడి ఆయన కుడి మోకాలు దెబ్బతింది. మెడికల్ బోర్డు, అంటే వైకల్యం ఎంతో తేల్చే మిలిటరీ డాక్టర్ల బృందం, పదిహేను శాతం వేసింది. ఇరవై కంటే తగ్గితే వైకల్య పింఛను రాదు.

"బోర్డులో ఏం జరిగిందండీ?" అన్నాను.

"గొంతుక్కూర్చోమన్నారండీ. కూర్చున్నాను."

"నొప్పెయ్యలేదా?"

"ప్రాణం పోయిందనుకోండి."

"మరి చెప్పారా?"

"కల్నల్ సాబ్ 'కైసా హై', ఎలా ఉందీ అనడిగారు. 'ఠీక్ హై సాబ్', బానే ఉందన్నాను. పెద్దాఫీసరు ముందు మూలుగుతామా ఏంటండీ?"

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో నేలమీంచి లేవాలంటే భార్య చెయ్యందించాలి. అలాంటి మనిషి బోర్డు ముందు బస్కీ తీసి వచ్చాడు! నొప్పి అన్నవాణ్ణి పనిదొంగ అంటారని వీళ్ళు సర్వీసులో నేర్చుకుంటారు. రిటైరైనా ఆ చదువు వదలదు.

అప్పీలు మొదలుపెట్టాను. దెబ్బ ఎప్పుడు, ఎలా తగిలిందో రాసే ఇంజురీ రిపోర్టు కోసం రెజిమెంటుకి నాలుగు ఉత్తరాలు రాయాల్సివచ్చింది. ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించాం. ఇక మిగిలింది యేసురత్నం గారి నోరు. ఆఫీసులోనే రిహార్సల్ పెట్టాను. నేను కల్నల్‌ని.

"కైసా హై?"

ఆయన అటెన్షన్‌లోకి వచ్చి, "ఠీక్ హై సాబ్!"

వారం రోజులు ఇదే వరస. "ఈయన్ని ఇంట్లో వదిలేసి నా మోకాలు చూపిద్దామాండీ?" అని మరియమ్మ గారు విసుక్కున్నారు.

చివరికి అప్పీలు కింద ఒక వాక్యం కలిపాను: దయచేసి ఈయన్ని ఎలా ఉందని అడగవద్దు, మోకాలి పరిస్థితి రిపోర్టు చేయమని ఆర్డరు వేయండి. మా ఆఫీసరు సంతకం పెట్టనన్నారు. "బోర్డుకి మనం పాఠాలు చెబుతామటయ్యా?" అన్నారు. హవల్దారు గారిని లోపలికి పంపి, మీరే ఒకసారి అడిగి చూడండి సార్ అన్నాను. జవాబు విని సంతకం పెట్టారు.

కొన్ని నెలలకి అప్పీలు బోర్డు ఆయన్ని పిలిచి చూసింది, తర్వాత కాగితం వచ్చింది. ముప్పై శాతం. ఇద్దరినీ కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించాను. ఆర్డరు వేసేసరికి ఆయన గుక్కతిప్పుకోకుండా చెప్పేసినట్టున్నారు. కాగితంలో అన్నీ రాశారు: మెట్లు దిగలేడు. సైకిలు తొక్కలేడు. చర్చిలో మోకాళ్ళూనలేక, ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆదివారం పూజకి వెళ్ళడం మానేశాడు.

మరియమ్మ గారు నా చేతిలోంచి కాగితం లాక్కున్నారు. "దేవుడి మీద నమ్మకం పోయిందన్నారండీ నాతో!" అని భర్త వైపు తిరిగారు. "రోజూ మీ ఆత్మ కోసం ప్రార్థన చేస్తున్నానే! మోకాలని ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

"అందరూ మోకాళ్ళ మీదుంటే నేనొక్కణ్ణీ బెంచీ మీద కూర్చోనా?" అన్నారాయన నేలచూపులు చూస్తూ.

కోప్పడాలో జాలి పడాలో నాకు తెలియలేదు. రెండూ కలిగాయి.

ఆ తర్వాత మోకాలి కేసు ఎవరు తెచ్చినా నొప్పి ఎంత అని అడగడం మానేశాను. ఏ పని చేయడం మానేశారని అడుగుతాను. చాలామంది మొదట భార్యని కాసేపు బయట కూర్చోమంటారు. తర్వాత చెబుతారు.