ఫ్రిజ్‌లో ఎక్సోజోమ్, పక్కన గుడ్డు పులుసు

ఎండురొయ్యల వాసనకు నాకు వాంతి వచ్చిన రోజే మా అమ్మ భయపడింది. ఆ వాసన తగిలితే టేకులపల్లి బస్టాండు నుంచే పరుగెత్తుకొచ్చే మనిషిని నేను. మూడో రోజుకు కళ్లు పసుపు, మూత్రం ఇంజనాయిల్ రంగు.

మా బావ కామెర్లకు ఆకు పసరు తెచ్చాడు. "ముక్కు మూసుకొని తాగు. ఉప్పు, నూనె బంద్." చెరువు అడుగు బురదను వడగట్టినట్టుంది. తొమ్మిది రోజులు తాగాను. పసుపు అలాగే ఉంది, దురద తోడైంది.

ఖమ్మం దవాఖానాలో లివర్ పరీక్ష ఎల్ఎఫ్‌టీ చూసి, పసరు సంగతి విని డాక్టరమ్మ అంది: "హెపటైటిస్ ఏ. నీళ్లతోని వచ్చింది. పైనుంచి ఈ పసరేంది? ఎవరిచ్చిండ్రు?"

బావ గోడమీది చార్టు శ్రద్ధగా చదవసాగాడు.

రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోందని అడ్మిట్ చేశారు. ఇంకా పెరిగితే లివర్ ట్రాన్స్‌ప్లాంట్ మాట వస్తుందన్నారు. ఐదు రోజులకు తగ్గి ఇంటికొచ్చాను. వారానికే రక్తంలో పసుపు, అదే బిలిరుబిన్, మళ్లీ పెరిగింది. అమ్మ అన్నం మానేసింది. బావ ఒక క్లినిక్ కనిపెట్టాడు.

అక్కడి మనిషి, "స్టెమ్‌సెల్స్ విడిచే చిన్న పొట్లాలు సార్, ఎక్సోజోమ్స్. లివర్‌ను రిపేర్ చేస్తయ్" అన్నాడు.

"ఎక్కడినుంచి తెచ్చిండ్రు?" అన్నాను.

"ప్యూర్ సార్."

నెయ్యి కొనేటప్పుడు పనికొచ్చే జవాబు. చొక్కా చేయి మడిచాను. అతను ఫ్రిజ్ తెరిచాడు. ఆ మందు సీసా పక్కనే మూత ఊడిన టిఫిన్ డబ్బా, అందులో నిన్నటి గుడ్డు పులుసు. ఆ కంపుకు అతని టేబుల్ మీదే కక్కాను.

"గట్ల కక్కితివేందిరా, ఇజ్జత్ తీసినవ్!" అన్నాడు బావ, నన్ను బయటికి లాక్కొస్తూ.

"నీ పసరుకన్నా నయమే బావా."

మర్నాడు డాక్టరమ్మకు అంతా చెప్పాం. "ఎక్సోజోమ్‌ల మీద పరిశోధన నిజమే. ఎలుకల లివర్లల్ల మంచిగ పనిచేసినయ్. మనుషులకు ఇంకా ట్రయల్ దశలనే ఉంది" అంది.

"ఎలుకలకు మంచిగైతే మావోనికి కాదా మేడం?" అంది అమ్మ.

"ఎలుకలకు గూడ గుడ్డు పులుసు పక్కన పెట్టిన సీసా ఎక్కియ్యలేదమ్మా. ఈ కామెర్లు ఒక్కోపారి తిరగబెడ్తయ్, అయినా నీ కొడుకు లివర్ దానంతటదే కోలుకుంటది. జర ఇడిచిపెట్టుండ్రి."

విడిచిపెట్టాం. రెండు నెలలు గోక్కున్నాను, వాంతులతో విసిగాను. మూడో నెల రిపోర్టు నార్మల్. అమ్మ ఇప్పుడు ఎండురొయ్యలు వండుతోంది. ముందు బావకు వడ్డించి, తరువాత నాకు.

ఒక్క మాట. ఎవరైనా కొత్త ఇంజెక్షన్ అంటే, అది ఏ ట్రయలో, ఎవరు అనుమతిచ్చారో కాగితం అడగండి. ఆ కాగితం మీ డాక్టరు చూసేదాకా చొక్కా చేయి మడవకండి. ఆ తెలివి ఆ రోజు నాకు లేదు. నా కడుపుకు ఉంది.