బ్యాటరీ బండికి ఒక వంతు

ఉదయం ఆరున్నరకు దమ్మపేటలో బయలుదేరాం. మా బామ్మర్ది సుధాకర్ ఒక పాత వ్యానులో ఇంజను తీసేసి, మోటారు, లారీ బ్యాటరీలు బిగించాడు. యాత్రికులను బస్టాండు నుంచి గుడికి చేర్చడానికి దాన్ని కొంటానని భద్రాచలంలో ఒక లాడ్జీ యజమాని అన్నాడు. షరతు ఒక్కటే. చీకటి పడేలోగా బండి తనంతట తానే లాడ్జీ గుమ్మానికి రావాలి. తాడు కట్టి లాక్కొస్తే బేరం లేదు. రిటైరైన నాకు తీరికే కనుక పక్క సీటులో కూర్చున్నాను.

బండికి చప్పుడే లేదు. అడవి దారిలో నెమళ్ళు మేం దగ్గరికి వచ్చేదాకా కదల్లేదు. ఎనిమిదింటికి ములకలపల్లిలో ఇడ్లీ తిన్నాం. అల్లం చట్నీ కోసమైనా అక్కడ ఆగవచ్చు. చార్జింగ్ పెడదామంటే ఆ వేళ కరెంటు లేదు. మరి రెండు ఊళ్ళు దాటాక బండి నీరసించి ఒక మిరపచేను పక్కన ఆగిపోయింది.

చేనులో మోటారు నడుస్తోంది. చేనుగల నర్సమ్మను కరెంటు అడిగాం.

"ఇస్త గని సారూ, నా చేను తడిసేదాక ఆగుండ్రి. ట్రాన్స్‌ఫార్మర్ నాలుగు మోటార్లకు మించి గుంజదు. వంతులేసుకున్నం."

"ఒక్క బండికేమవుతుందమ్మా!" అంటూ సుధాకర్ వైరు తగిలించాడు. ఢామ్మంది. ఫ్యూజు పోయి నాలుగు మోటార్లూ ఒక్కసారే ఆగాయి. గట్ల మీద నుంచి కేకలు మొదలయ్యాయి.

"ఏందే నర్సక్కా, ఎవడు వాడు?"

"కొత్త మోటారొచ్చిందిరో! నీళ్ళు పొయ్యదు, కరెంటు తాగుతది!"

తిట్టడానికి వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ ఫ్యూజు వేశారు. సుధాకర్ "తప్పయిందక్కా" అన్నాడు. నర్సమ్మ తన మోటారు బంద్ పెట్టి, ఆ వంతు మా బండికిచ్చింది. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు కూడా పెట్టింది. దూరంగా చెట్ల మీదుగా పాల్వంచ థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తున్నాయి.

"ఇంటికో బ్యాటరీ బండి వస్తే ఈ కరెంటు చాలుతుందా?" అన్నాను.

"రాత్రి మోటార్లు పడుకున్నాక చార్జి పెట్టుకుంటే చాలుతుంది, బావగారూ" అన్నాడు సుధాకర్.

"రాత్రి కరెంటొస్తే మేం పడుకుంటమా? ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ తెండ్రి, నేను గూడ బండి కొంట" అంది నర్సమ్మ. "రేపు తిరిగొచ్చేటప్పుడు ఆగుండ్రి. నా వంతుల సగం మీకే."

మూడింటికి కదిలాం. గోదావరి వంతెన మీదికొచ్చేసరికి నీళ్ళు ఎర్రబడ్డాయి. చీకటి పడకముందే లాడ్జీ గుమ్మం ముందు ఆగాం. యజమాని బండి ముందుకొచ్చి వంగి చూశాడు.

"తాడు ఎక్కడ విప్పారు?"

"కట్టలేదండీ!"

ఆయన భార్యాపిల్లలను ఎక్కించుకుని గుడిదాకా రెండు చుట్లు తిరిగొచ్చాడు. ఇక బండి దిగలేదు, బేరం కుదిరింది.

మర్నాడు ఉదయం బస్సులో తిరుగు ప్రయాణం. కిటికీలు గడగడలాడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడలేదు. నెమళ్ళు ఒక్కటీ కనిపించలేదు. ఊళ్ళన్నిటికీ అలాంటి బండ్లు రావాలనీ, వాటికంటే ముందు కరెంటు రావాలనీ అనుకున్నాను. నర్సమ్మ చేను దగ్గర ఎవరినో దించడానికి బస్సు ఆగింది. ఆమె మోటారు ఆపి, రోడ్డు వైపే చూస్తూ నిలబడి ఉంది.

సుధాకర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నర్సక్కా!"

"బండేది తమ్మీ?"

"అమ్ముడుపోయింది!"

"మంచిగైంది! అయితే నా వంతు నాకే!"

ఆమె కొంగు దోపుకుని స్టార్టరు దగ్గరికి పరుగెత్తింది. మా బస్సు గేరు మారేలోగా గొట్టంలోంచి నీళ్ళు ఎగదన్నాయి.