నిండేదాకా, నిండనంతసేపూ

మా మేడం పోయారన్న కబురు నాకు త్రిపురారం బస్సులో తెలిసింది. నాతోపాటు ట్యూషన్‌కు వచ్చే స్నేహితురాలు ఫోన్ చేసి, "మేడం ఇగ లేదే. పొద్దుగాల సూర్యాపేట దవాఖానల పానం పోయిందంట" అంది. నేను అప్పుడు మిర్యాలగూడకు, ఆమె దగ్గరికే వెళ్తున్నాను. ఆమెకిష్టమని అమ్మ కట్టిచ్చిన ఉడకబెట్టిన పల్లీలు సంచిలో ఉన్నాయి. దిగిపోవాలో, వెళ్లాలో తోచలేదు. అలాగే వెళ్లాను.

మేడం అంటే కాలేజీ మేడం కాదు. ఇంటి ముందుగదిలో రెండు పాత కంప్యూటర్లు పెట్టుకుని నాలాంటి మొద్దులకు ప్రోగ్రామింగ్ చెప్పే ఆవిడ. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి, డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నదాన్ని నేను. ప్రోగ్రామింగ్ పేపర్ తప్పాను, మళ్లీ రాశాను, మళ్లీ తప్పాను. "ఈసారి గూడ పోతే ఇగ సాలు బిడ్డా, మిషిన్ కుట్టుడు నేర్చుకో" అన్నాడు నాన్న. కోపంగా అని ఉంటే దులిపేసుకునేదాన్ని. మెల్లగా అన్నాడు. అందుకే భయమేసింది.

మొదటిరోజు మేడం పుస్తకం తెరవలేదు. "డ్రమ్ము నిండేదాకా బిందెతో నీళ్లు పొయ్యాలి. రాయి చూద్దాం" అన్నారు. ఆమెది కోదాడ. మాట కాస్త ఆంధ్ర వైపు ఒరిగేది, వెనకాల మేం వెక్కిరించుకునేవాళ్లం. ఒక పనిని మళ్లీ మళ్లీ చేయించడానికి ప్రోగ్రాములో 'వైల్' అని ఒక మాట ఉంటుంది, అలా తిరిగి తిరిగి జరిగేదాన్ని లూపు అంటారు. నేను వైల్ అని రాసి, పక్కన 'డ్రమ్ము నిండింది' అన్న షరతు పెట్టి నొక్కాను. ఏమీ జరగలేదు. ఒక్క బిందె కూడా పడలేదు. తప్పని కూడా అనలేదు ఆ కంప్యూటర్.

"మనసులో ఏమనుకుని రాశావో తెలుగులో చెప్పమ్మాయ్."

"డ్రమ్ము నిండేదాక పొయ్యాలె అనుకున్న మేడం."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "అదీ సంగతి! దీనికి 'దాకా' తెలీదే. 'ఉన్నంతసేపూ' ఒక్కటే తెలుసు. నువ్వేమో డ్రమ్ము నిండి ఉన్నంతసేపూ పొయ్యమన్నావు. అది చూసింది, డ్రమ్ము ఖాళీగా ఉంది, మనకేం పని అని ఊరుకుంది. నిండనంతసేపూ పొయ్యమని చెప్పు."

మార్చాను. తెర మీద బిందె తర్వాత బిందె వరసగా పడ్డాయి. మీకు నవ్వు రావచ్చు. ఇలాంటి తప్పులకే క్లాసులో ఎన్నోసార్లు నలుగురిలో నిలబడ్డాను, ఎందుకు తప్పో ఎవరూ అడగలేదు. "తెలుగులో సరిగ్గానే ఆలోచించావు. బుర్ర లేనివాళ్లకు ఆ మాత్రం తప్పు కూడా రాదు" అన్నారు మేడం. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

పాఠం చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చునేవారు. ఎంత బతిమాలినా మా కీబోర్డు ముట్టుకునేవారు కాదు. తెర మీద ఎర్రగా తప్పు పడితే మాత్రం సంబరపడేవారు. "మాట్లాడుతోంది కదా, విను. ఉలుకూ పలుకూ లేనప్పుడు భయపడు" అనేవారు.

ఎండలు ముదిరాక కొన్ని రోజులు ట్యూషన్ ఉండేది కాదు. సూర్యాపేట వెళ్లొస్తున్నానని మాత్రం చెప్పేవారు. మర్నాడు చేతికి పట్టీ కనిపించేది. ఏమైందంటే "ముందు నీ లూపు సంగతి చూడు" అని కసిరేవారు. అమ్మ పంపిన పల్లీలు కూడా తర్వాత తింటానని పక్కన పెట్టేవారు. కిడ్నీలు పాడయ్యాయనీ, డయాలసిస్ చేయించుకుని వచ్చి మా పక్కన కూర్చుంటున్నారనీ మాకు తెలియనివ్వలేదు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఏం చేయను, తగ్గడం లేదు.

చివరిసారి లూపు లోపల లూపు రాయమన్నారు. ఒక్క ముక్క కదల్లేదు. "నాతోని కాదు మేడం, మానేస్త" అన్నాను.

"మానెయ్. పరీక్ష రాసొచ్చి మానెయ్. రాయకుండా మానేస్తే దాన్ని పారిపోవడం అంటారు" అన్నారు. లేవబోతూ గోడ పట్టుకున్నారు.

ఆమెను కోదాడలో సమాధి చేశారు. తర్వాత మిర్యాలగూడ ఇంట్లో, అయినవాళ్లను ఓదార్చడానికి చర్చివాళ్లు ఆదరణ కూడిక పెడితే వెళ్లాను. ప్రార్థన ముగిసి అందరూ వెళ్లిపోయాక, పరీక్ష రాయనని ఆమె భర్తకు చెప్పేసి వద్దామనుకున్నాను. ఎవరో ఒకరికి చెప్పాలి కదా. ఆయన రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి, కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. నేను నోరు తెరిచేలోపే ముందుగది తలుపు తీశారు.

"జరసేపు కూసొని కొట్టు బిడ్డా. మీరు టకటక కొడుతుంటే లోపల పండుకొని వింటుంటి. ఇల్లంత సప్పుడు లేకుంటైంది."

కాదనలేకపోయాను. కూర్చుని, ఆ రాని లూపే మొదలుపెట్టాను. కాసేపటికి తెరంతా ఎర్ర గీతలు పడ్డాయి. చేతులు ఆగిపోయాయి. పక్క కుర్చీ వైపు చూడకుండా ఉండటం చాలా కష్టమైంది.

"ఏమైందమ్మా, ఆగినవ్?" లోపలి గదిలోంచి ఆయన గొంతు.

"తప్పొచ్చింది అంకుల్."

"దిద్దుతవా?"

ఎలా దిద్దాలో తెలియదు. వచ్చే వారమే పరీక్ష. "దిద్దుత" అన్నాను. మొదటి వరస నుంచి తెలుగులో గొణుక్కుంటూ మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను.

బయట ఎండ మండిపోతోంది. ఉన్నట్టుండి లోపలి గదిలో ఫ్యాను ఆగింది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. టకటక సరిగ్గా వినబడటం లేదని, ఆయనే లేచి తన ఫ్యాను బంద్ చేసుకున్నారు.