చూడని ఫైలుకు సంతకం పెట్టను

2004 జూన్‌లో నన్ను కోవిల్‌పట్టి బ్రాంచి నుంచి విరుదునగర్ హెడ్డాఫీసుకు బదిలీ చేశారు. హోదా సీనియర్ టెక్నికల్ అసిస్టెంటు; మేనేజరుకు రెండు మెట్లు కింద, టైపిస్టులకు ఒక మెట్టు పైన. మా సంస్థ శివకాశి ప్రెస్సులకు బాణసంచా పెట్టెల మీద వచ్చే లేబుళ్లను తయారుచేసి ఇచ్చేది. ఏ వరుసలో ఏ మాట, ఎంత సైజులో రావాలో ఒక మామూలు టెక్స్టు ఫైల్లో రాస్తే, మా ప్రోగ్రాము దాన్ని అచ్చుకు తగినట్టు అమర్చేది. ఆ ఫైళ్లను కోవిల్‌పట్టిలో ఆరుగురు ఆడవాళ్లు టైపు చేసేవారు.

వాళ్లు వాడే ఎడిటరు ఓపెన్‌సోర్సుది. అంటే దాని మూలప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, దిద్ది పంపవచ్చు. ఎక్కడెక్కడివాళ్లో జీతం లేకుండా దాన్ని నడిపేవారు. అందులో మాకు ముఖ్యంగా కావలసింది రంగులు. ఫైల్లో ఏ భాగం ఆజ్ఞ, ఏ భాగం అచ్చులో వచ్చే మాట, ఏది వ్యాఖ్య అన్నది ఎడిటరు రంగుతో వేరుచేసి చూపుతుంది. దీన్నే సింటాక్స్ హైలైటింగ్ అంటారు. మా ఫైళ్లలో పంక్తి మొదట్లో ఒక గుర్తు పెడితే ఆ పంక్తి వ్యాఖ్య అవుతుంది, అచ్చుకు పోదు, తెర మీద బూడిద రంగులో కనిపిస్తుంది. ప్రెస్సుకు పంపేముందు బూడిద పంక్తులన్నీ తీసేయడం మా బ్రాంచి ఆచారం. చదివి తీసేవాళ్లు కాదు, రంగు చూసి తీసేవాళ్లు. రోజుకు అన్ని ఫైళ్లు చేతులు మారుతుంటే చదువుతూ కూర్చోవడం అయ్యే పని కాదు.

ఆ ఎడిటరులో హైలైటింగ్ పరీక్షలను చూసుకునే మనిషి లేడని తెలిసి, మా సంస్థ రోజులో సగం పొద్దు నన్ను ఆ పనికి కేటాయించింది. పరీక్ష అంటే ఇది. ఒక్కో భాషకు కొన్ని నమూనా ఫైళ్లు ఉంటాయి. ప్రతి నమూనా పక్కన జవాబు ఫైలు ఉంటుంది. ఏ అక్షరం నుంచి ఏ అక్షరం దాకా ఏ రకమో అందులో రాసి ఉంటుంది. ఎవరు ఎడిటరుకు మార్పు పంపినా, యంత్రం నమూనాలన్నిటికీ మళ్లీ రంగులు వేసి జవాబుతో పోల్చి చూస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా పరీక్ష తప్పినట్టే, మార్పు ఆగిపోతుంది.

దానికో దొడ్డిదారి కూడా ఉంది. ‘ఆమోదించు’ అని ఒక ఆజ్ఞ ఇస్తే, యంత్రం ఇప్పుడు ఏ రంగు వేసిందో అదే సరైన జవాబని పాత ఫైలు మీద రాసేస్తుంది. తప్పినవని ఎర్రగా చూపినవన్నీ క్షణంలో పచ్చబడతాయి. ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మొదటి సంవత్సరం నేనూ ఆ హాయికి అలవాటు పడ్డాను.

ఒకసారి తప్పిన పరీక్షలు నలభై దాకా వస్తే, పైపైన నాలుగు చూసి అన్నింటినీ ఆమోదించేశాను. చూడనివాటిలో మా లేబుల్ ఫైళ్ల పరీక్ష ఒకటుంది. కొత్త మార్పు వల్ల ఎడిటరు ఒక్కోచోట వ్యాఖ్య తర్వాతి పంక్తిని కూడా బూడిదగా చూపుతోంది. ఆ తప్పును సరైన జవాబని నేనే రాసిపెట్టాను. కోవిల్‌పట్టిలో రంగమ్మాళ్ అనే టైపిస్టు ఆచారం ప్రకారం బూడిద పంక్తులు తీసేసింది. వాటిలో ‘పిల్లలు పెద్దల సమక్షంలోనే కాల్చాలి’ అనే హెచ్చరిక పోయింది.

దాన్ని పట్టుకున్నది శివకాశిలో ఆఫ్‌సెట్ మిషను ఫోర్‌మన్‌గా ఉన్న మా అన్నే. ప్రెస్సులో మొదటి కాగితాన్ని పార్టీ, అంటే అచ్చు వేయించుకునేవాడు, చూసి సంతకం పెడితే దాన్ని ఓకే షీటు అంటారు. తర్వాత వచ్చే ప్రతి కట్టలోంచి ఒక కాగితం తీసి దానితో పోల్చుకోవాలి. అన్న పాత ఓకే షీటు పక్కన కొత్త లేబులు పెట్టి చూసి మిషను ఆపించాడు. ఆ ఆదివారం ఇంటికి వచ్చి, జరిగిందంతా నా నోటితోనే చెప్పించాడు.

“మిషను ఏసిన కాయితాన్ని మిషనే బాగుండాదని చెప్తే నువ్వు కైయెళుత్తు పెట్టినావా? కండ్లతో చూసినావా, లేదా? అది చెప్పు మొదట.”

చూడకుండానే సంతకం పెట్టానన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. జవాబు ఫైలు ఏదీ యంత్రం రాయకూడదు. నమూనాను రంగుల్లేకుండా కాగితం మీద అచ్చు తీసి, ఆ భాష నియమాలు ఒక పేజీలో పక్కన పెట్టుకుని, ఒక మనిషి రంగు పెన్సిళ్లతో గుర్తు పెట్టాలి. దాన్ని చూసి రెండో మనిషి జవాబు ఫైలు టైపు చేయాలి. కాగితం మీద ఇద్దరూ సంతకం చేయాలి. కోవిల్‌పట్టి ఆడవాళ్లకు ప్రోగ్రామింగు రాదు, కానీ వ్యాఖ్య ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడటానికి ప్రోగ్రామింగు అక్కర్లేదు, ఓపిక చాలు. ప్రాజెక్టులో కొందరు ఈ పద్ధతి విని నవ్వారు. బడిపిల్లల బొమ్మల పుస్తకమా అని ఒకతను ఉత్తరం రాశాడు. నేను ఖాతరు చేయలేదు.

2006లో అసలు గొడవ వచ్చింది. ప్రాజెక్టు ముఖ్య నిర్వాహకుడు రంగులు వేసే భాగాన్ని మొత్తం తిరగరాశాడు. ఆయన ముఖం నేనెన్నడూ చూడలేదు, పరిచయమంతా ఈమెయిళ్లలోనే. కొత్తది చాలా వేగంగా నడిచేది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మూడు వందలకు పైగా పరీక్షలు తప్పాయి. నాలుగు రోజుల్లో విడుదల, అన్నింటినీ ఆమోదించమని రాశాడు. ఒక్కొక్కటీ చదివి చెబుతాను, పదకొండు రోజులు పడుతుందని జవాబిచ్చాను. పరీక్షలు ప్రాజెక్టు కోసమే గానీ ప్రాజెక్టు పరీక్షల కోసం కాదని ఆయన పాఠం చెప్పాడు. ఇప్పటికీ ఆ వాక్యం తలచుకుంటే ఒళ్లు మండుతుంది. నేను చూడనిదాన్ని చూశానని రాయను, కావాలంటే నా పేరు తీసేయండి అని రాశాను.

తీసేశాడు. అయిదో రోజు పరీక్షలు దిద్దడానికి నాకున్న అనుమతులు రద్దుచేసి, ‘ఆమోదించు’ ఆజ్ఞ తనే ఇచ్చి, అంతా పచ్చగా ఉందని ప్రకటించి విడుదల చేశాడు.

మేం పని ఆపలేదు. కాగితాలు కోవిల్‌పట్టికి బస్సులో వెళ్లి వచ్చేవి. పదకొండో రోజుకు లెక్క తేలింది. తేడాల్లో ఎక్కువ భాగం కొత్త ప్రోగ్రాము చేసిందే సరి. రెండుచోట్ల మా పాత జవాబే తప్పు, అందులో ఒకటి నా పెన్సిలుతో పెట్టిన గుర్తే. పందొమ్మిది మాత్రం నిజమైన దోషాలు. వాటిలో ఒకటి, బూడిద రంగు మళ్లీ కింది పంక్తికి పాకడం. నా తప్పుతో సహా జాబితా అంతా అందరికీ కనబడేలా పంపాను.

ఈలోగా మా మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. కొత్త వెర్షను వాడబోతున్నామని ప్రెస్సులన్నిటికీ ముందే చెప్పుకున్నాడాయన. నన్ను తిరిగి కోవిల్‌పట్టికి బదిలీ చేస్తూ కాగితం ఇచ్చి, దానితోపాటు కొత్త వెర్షను సీడీ చేతిలో పెట్టి, ఆరు మిషన్లలో ఎక్కించమన్నాడు. బదిలీ తీసుకుంటాను, సీడీ తీసుకోనని చెప్పాను. నా చేత్తో ఎక్కించనని, వేరే ఎవరితోనైనా చేయించుకోమని కూడా అన్నాను. ఆ గదిలో నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

సోమవారం ఆయనే కారులో కోవిల్‌పట్టి వచ్చి, రంగమ్మాళ్ మిషనులో స్వయంగా కొత్త వెర్షను ఎక్కించాడు. ఆమె పాంచాలంకురిచ్చి వైపు పల్లెనుంచి వచ్చే మనిషి, పదో తరగతి దాకా చదివింది, ఆఫీసర్ల ముందు ఎప్పుడూ నోరెత్తేది కాదు. ఆ పొద్దు తను టైపు చేస్తున్న లేబులు ఫైలు తెరిచింది. హెచ్చరిక పంక్తి బూడిదగా ఉంది. ఆమె తెర వైపు చూసి, నా వైపు తిరిగి మా ఇళ్లలో మాట్లాడే తెలుగులో అంది:

“అక్కా, బూడిద ఉంటే తీసెయ్యాలని కదా మనకు పళక్కం? తీసెయ్యమని సారే రాసి కైయెళుత్తు పెట్టీమను. ఇప్పుడే తీస్తాను.”

బూడిద పంక్తి తీసేయడం మా అలవాటని, తీయమని ఆయనే రాసి సంతకం పెట్టాలంటోందని, తెలుగు రాని ఆయనకు నేను తమిళంలో చెప్పాను. ఆమె తెల్లకాగితం, పెన్ను బల్లమీద పెట్టింది. మిగతా అయిదుగురూ కీబోర్డుల మీంచి చేతులు తీసి కూర్చున్నారు. ఇది అధికారిక విడుదల అని ఆయన రెండుసార్లు అన్నాడు. పెన్ను మాత్రం ముట్టుకోలేదు. కాసేపటికి పాత వెర్షనే మళ్లీ ఎక్కించమని నాకు చెప్పి, సీడీ తీసుకుని వెళ్లిపోయాడు.

రెండు నెలల తర్వాత వచ్చిన వెర్షనులో పందొమ్మిది దోషాలూ దిద్దారు. ఎవరు చూపించారో ఎక్కడా రాయలేదు. నా అనుమతులు తిరిగి రాలేదు. విరుదునగర్ మళ్లీ పిలవలేదు. రిటైరయ్యేదాకా అదే హోదాలో కోవిల్‌పట్టిలోనే పనిచేశాను. పెన్సిళ్ల పద్ధతి మాత్రం మా లేబుల్ ఫైళ్లకు చివరిదాకా నడిపాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు పరీక్షలు ఎన్ని ఉన్నాయని అడుగుతారు. జవాబు ఎవరు రాశారని అడగాలి. యంత్రం తన జవాబు తనే రాసుకుంటే, నిన్న చేసిందే ఇవాళా చేసిందని తేలుతుంది, అంతకు మించి ఏమీ తేలదు. ఆమోదించే ఆజ్ఞ తప్పుకాదు, చూశాక వాడుకోవచ్చు. చూడకపోతే చూడలేదని చెప్పాలి, అడిగినవాడు ఎంత పెద్దవాడైనా సరే. దానికి పోయేది పై హోదా ఒక్కటే.