మజ్జిగ జాడీకి ఉన్ని తొడుగు

మొన్న మంగళవారం పొద్దున టీచరక్క కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది పిన్నీ" అంది. పెద్ద వయసే, మంచాన పడి ఎవరిచేతా చేయించుకోలేదు, ఆమె కోరుకున్నట్టే వెళ్ళిపోయింది. అయినా ఫోన్ పెట్టేశాక బెండకాయలు ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఒక్కటి కూడా తరగలేదు.

పందొమ్మిది వందల అరవైల చివర్లో పటాన్‌చెరులో వాళ్ళకీ మాకూ మధ్య ఒకటే గోడ. మాది సంగారెడ్డి. మా ఆయన రోడ్డు మీద దర్జీ దుకాణం పెట్టుకుంటే పెళ్ళయిన కొత్తలో ఇక్కడికి వచ్చాను. టీచరక్క భర్తకి కార్ఖానాలో ఉద్యోగం వచ్చి గోదావరి జిల్లా నుంచి కదిలి వచ్చారు. కార్మికుల పిల్లల బడిలో అక్క లెక్కలు చెప్పేది. మేము ముస్లింలం. వాళ్ళు బ్రాహ్మలు, అందులోనూ ఆమె అత్తగారిది గట్టి మడి. అక్కకి మాత్రం మా గుమ్మంలో కూర్చుని ఛాయ్ తాగడానికి ఏ అడ్డూ లేదు. ఇంటికెళ్ళి స్నానం చేసి వంటకి దిగేది, అంతే.

ఎండలో గొడుగు చేత్తో పట్టుకునే నడిచేది, విప్పేది కాదు. విప్పితే నడక సాగదట. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతారు. ఆ అలవాటుతో ఆమె చేతిలో ఎప్పుడూ క్రోషియా సూది ఉండేది. మాట మధ్యలో "ఆగు, పద్దెనిమిది" అని కుట్లు లెక్కపెట్టుకునేది. చేతులు ఖాళీగా ఉంటే నోరు ఎక్కువ పనిచేస్తుందని నాకూ నేర్పింది. ఆమె చేతులు ఎంత పనిలో ఉన్నా నోరు బాగానే పనిచేసేది, అది వేరే సంగతి. "తప్పు కుట్టు పడితే విప్పెయ్, పక్క కుట్టుతో కప్పకు" అని మాత్రం రోజూ చెప్పేది.

ఒక వేసవిలో, బడికి ఇంకా సెలవులు ఇవ్వకముందే, ఆమె అత్తగారు స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి దెబ్బతింది, కుడిచేతికి కట్టు కట్టారు. అక్క సెలవు పెట్టి చూసుకుంది. సెలవు అయిపోయింది. సోమవారం రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని బడి నుంచి కబురు వచ్చింది. మధ్యాహ్నం అత్తగారికి మజ్జిగ పోసే మనిషి ఉంటే చాలు. గ్లాసుల్లో పోసి మంచం పక్కన పెట్టి చూశారు. ఎడమచేతికి అందక రెండుసార్లు ఒలికిపోయాయి. నేను పక్కింట్లోనే ఉన్నాను. కానీ నేను జాడీ ముట్టుకుంటే ఆవిడ చుక్క తాగరు.

అక్కే ఉపాయం కనిపెట్టింది. మడిలో ఉన్నికీ పట్టుకీ అంటు లేదు. జాడీకి ఉన్ని తొడుగు ఉంటే, దాన్ని ఎవరు పట్టుకుని వంచినా మజ్జిగ మైలపడదు. ఆ మాట చెప్పి, తొడుగు నన్నే అల్లమంటుంటే నాకు ఒళ్ళు మండింది. నా చెయ్యి పనికిరాదు గానీ నా చెయ్యి అల్లింది పనికొస్తుందా అని అడిగేశాను.

అక్క తల దించుకోలేదు. "నీకు కోపం రావాలి. తప్పు మాదే. నాకు ఉద్యోగం కూడా కావాలి. కోపంగానే అల్లిపెట్టు" అంది.

కోపంగానే అల్లాను. అక్క తన భర్త పాత ముదురెరుపు స్వెటర్ విప్పి ఉన్ని ఇచ్చింది. తనకి బడిపిల్లల కాపీలు దిద్దే పని ఉంది. ఆరు కుట్లు గుండ్రంగా కలిపి, ప్రతి వరసకీ కొన్ని పెంచుతూ జాడీ అడుగంత అయ్యాక, పెంచకుండా పైకి ఎక్కించాలి. మెడ దగ్గర తాడు దూర్చి బిగించాలి. ఆదివారం సాయంత్రానికి మెడ దాకా వచ్చేసరికి ఉన్ని అయిపోయింది. మా దుకాణంలో దుప్పట్లు కుట్టే ముదురెరుపు నూలు దారం ఉంది. నాలుగు పోగులు కలిపి చివరి మూడు వరసలూ దానితో లాగించాను. రంగు కలిసిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సోమవారం పొద్దున జాడీకి తొడుగు వేస్తూ అక్క వేలితో మెడ దగ్గర తడిమి ఆగిపోయింది.

"నూలు వేశావా?"

"ఉన్ని సాలలే అక్కా. రంగు ఒక్కటే కదా అని ఏసిన."

నూలుకి అంటు ఉంటుందట. నాకేం తెలుసు? బస్సుకి పావుగంట కూడా లేదు. చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఊరుకుంటే సరిపోయేది, ఊరుకోమనే నేను సైగ చేశాను. అక్క నేరుగా అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది. పై మూడు వరసలూ నూలని చెప్పింది. "విప్పి అల్లడానికి ఉన్ని లేదు. నేను బడికి వెళ్తున్నాను. తాగడం, మానడం మీ ఇష్టం. ఈ పిల్ల సాయంత్రం దాకా ఇక్కడే ఉంటుంది" అని బయల్దేరింది. అంత ధైర్యంగా మాట్లాడిందా, గొడుగు మాత్రం గుమ్మంలోనే మర్చిపోయింది.

పదకొండుకి మజ్జిగ పోయనా అని అడిగాను. ఆవిడ గోడవైపు తిరిగారు. పన్నెండుకీ అంతే. రేకుల కప్పు, లోపల ఉడికిపోతోంది. ఆవిడ పెదాలు ఎండిపోయి తెల్లగా అయ్యాయి. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు, భయం పట్టుకుంది. ఒంటిగంట దాటాక ఆవిడ ఎడమచేత్తో వెండిగ్లాసు ముందుకు చాపారు. నేను గబుక్కున జాడీ మెడ పట్టుకోబోయాను.

"పైన పట్టుకోకు. కింద పట్టుకో" అన్నారు.

రెండు చేతులతో కింద పట్టుకుని వంచాను. గ్లాసంతా తాగి మళ్ళీ చాపారు. మూడు గ్లాసులు తాగారు.

సాయంత్రం అక్క దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్నూ అడగలేదు, ఆవిడనీ అడగలేదు. జాడీ ఎత్తి చూసింది. ఖాళీగా ఉంది. దాన్ని మెల్లగా దించి నా దగ్గరికి వచ్చి, సుద్ద అంటిన చేతులతో నా రెండు చేతులూ పట్టుకుంది. మంచం మీద నుంచి అత్తగారు చూస్తున్నారు. చూస్తున్నారని అక్కకి తెలుసు. అలాగే పట్టుకుని నిలబడింది.